క్యాలెండర్ మీద ఎర్రచుక్క

మా నర్సమ్మ పోయింది. పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం సూర్యాపేటలో కోదాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కోదాడలో దిగలేదు. అందరూ దిగిపోయాక కండక్టర్ వచ్చి, నిద్రపోతోందనుకుని రెండుసార్లు పిలిచాడట. ఒళ్లో గొడుగు, సంచి అట్లాగే ఉన్నాయట. గుండె ఆగిపోయిందని చెప్పారు.

కబురు మా అమ్మ చెప్పింది. నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. క్లాసు మధ్యలో ఫోన్ వచ్చింది. "మన నర్సమ్మ పాణం ఇడిసిందంటనే బిడ్డా" అని అమ్మ ఏడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నేను ఆమెతో అనాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా నోట్లోనే ఉంది. అది వినకుండా ఎట్లా పోతుందని కోపం. ఫోన్ పెట్టేసి పిల్లలకు సంధులు చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

ఆమె మా చుట్టం కాదు. తుంగతుర్తి అవతల మా ఊరికీ, చుట్టుపక్కల మరో నాలుగు ఊళ్లకూ సర్కారు నర్సు. పుట్టింది కోదాడలో. పాతికేళ్లకు పైగా మా మధ్య తిరిగినా "ఏంటమ్మాయ్", "చూడమ్మాయ్" అనే ఆ కోదాడ యాస పోలేదు. మా ఊరి ఆడవాళ్లు ఆమె ముందే ఆ మాటలు అని నవ్వేవాళ్లు. "నవ్వండి, నవ్వండి. సూది నా చేతిలోనే ఉంది" అనేది ఆమె.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా గడప మీదే కూర్చుని, కోడలిని వదిలేసి అత్తను పిలిచి మంచినీళ్లు అడిగేది. బిందెలో నీళ్లు తెస్తే, "కుండలోవి లేవా పెద్దమ్మా, చల్లగా తాగుదామని" అనేది. తెచ్చాక ఒక్క గుక్క తాగి చెంబు పక్కన పెట్టేది. చిన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇంత దూరం మోసుకొచ్చుకున్న నీళ్లు ఒక్క గుక్క తాగి వదిలేస్తుందేమిటని. పెళ్లయ్యాక గానీ అర్థం కాలేదు. అత్త లోపలికి వెళ్లి, కుండ మూత తీసి, నీళ్లు ముంచుకొచ్చేలోపు కోడలితో మాట్లాడటానికి రెండు నిమిషాలు దొరుకుతాయి. మా ఊళ్లో కోడళ్లు తమ ఒంటి గురించి తాము మాట్లాడుకోగలిగింది ఆ రెండు నిమిషాలే.

కడుపు తీసే గోళీలు ఆమె ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు. "అది డాక్టరమ్మ పని. సూర్యాపేట పో, చూపించుకో, దొంగచాటుగా కొనుక్కొచ్చి మింగకు" అని పంపించేది. ఆ తర్వాత మళ్లీ నిలవకుండా చూసే సంగతి ఆమె చూసుకునేది. అయితే ఆ పని ఆమె మొదటినుంచీ చేసింది కాదు. మా అక్క పోయినప్పటి నుంచి మొదలుపెట్టింది.

మా అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. మా ఊళ్లోనే మేనబావకు ఇచ్చారు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఏడు నెలలప్పుడు మళ్లీ నిలిచింది. ఒంట్లో రక్తం లేదు, నిలబడితే కళ్లు తిరిగేవి. బావా అక్కా మాట్లాడుకునే సూర్యాపేట వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఏడు వారాలని చెప్పి, గోళీలు ఇచ్చింది. అంతా సాఫీగా అయిపోయింది. వారం తర్వాత రమ్మంది, అప్పుడు గర్భం రాకుండా ఏం వాడాలో చెప్తానంది. ఆ వారం నాట్లు. అక్క పోలేదు.

ఊళ్లోనే నర్సమ్మ ఉంది కదా అనుకుంది. పిల్లలకు టీకాలు వేసే రోజు చిన్నవాణ్ని ఎత్తుకుని వెళ్లి, ఆ గుంపులోనే, గర్భం రాకుండా మింగే గోళీల సంగతి చెవిలో అడిగిందట: "నెల గోళీలు ఎప్పటిసంది మింగాలె?" నర్సమ్మ ఏమందో అప్పట్లో మాకు తెలియదు. అక్క మాత్రం మా అమ్మతో, "నెల రానియ్యాలంట, వచ్చినంక అయిదో దినం నుంచి మింగాలంట" అని చెప్పింది. అట్లాగే నెల కోసం చూసింది. రాలేదు. గోళీలు మింగినోళ్లకు రెండు మూడు నెలలు వెనకా ముందూ అవుతుందని వీధిలో ఎవరో అన్నారు. అదీ నమ్మింది. నమ్మకేం చేస్తుంది, మా అందరిదీ అదే నమ్మకం. గోళీలు మింగితే లోపలంతా కడిగినట్టు అయిపోతుందని, నెల వచ్చేదాకా భయం లేదని.

నాలుగో నెలలో పొట్ట చేతికి తగిలింది. నర్సమ్మ దగ్గరకు పొమ్మని అమ్మ అంటే, "మొన్ననే గదనే పోయొచ్చిన. మల్ల ఏ మొగం పెట్టుకొని పోవాలె? నవ్వదా?" అంది. ఆ సిగ్గే మా అక్కను తినేసింది. బావ ఎక్కడి నుంచో అవే గోళీలు తెచ్చాడు. ఏడు వారాలకు పనిచేసినవి నాలుగు నెలలకు కూడా పనిచేస్తాయనుకున్నారు. ఒక పగలంతా రక్తం పోయింది. నాయిన గొర్రెల దగ్గరి నుంచి ఉరికొచ్చి ఆటోలో వేసుకుని సూర్యాపేట బయలుదేరాడు. దారిలోనే అక్క చల్లబడిపోయింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఆటో నేల మీద నా చెప్పులు అంటుకుపోవడం నాకింకా గుర్తుంది.

మూడో రోజు నర్సమ్మ వచ్చింది. ఆ రోజు నీళ్లు అడగలేదు. గొర్రెల దొడ్డి దగ్గర నాయిన ఒక్కడే కూర్చుని ఉంటే, వెళ్లి నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను. మా నాయిన ఆడవాళ్ల సంగతులు ఎన్నడూ ఎత్తని మనిషి. ఆ రోజు ఎత్తాడు.

"నర్సమ్మా, గొర్రె ఈసుకపోతే మేం ఏం జేస్తమో ఎరికేనా?" అన్నాడు. ఈసుకపోవడమంటే నెలలు నిండక ముందే పిల్ల పడిపోవడం. "ఎంటనే దాని ఈపు మీద జాజు పెడ్తం. పెట్టి పొట్టేలును దూరం కట్టేస్తం. ఎందుకంటే అది తొందర్లనే మల్ల కట్టుతది. పానం కోలుకోకముందే కట్టితే గొర్రె దక్కదు. ఇది మా తాతలకు ఎరుక, నాకు ఎరుక. గొర్రెకు పెట్టిన జాజు బిడ్డకు పెట్టకపోతిని నర్సమ్మా. నాకెవ్వలు చెప్పలే. చెప్పినా నేను అడిగేటోన్ని గాదు."

నర్సమ్మ మొహం బూడిదలా అయిపోయింది. "అన్నా, ఆ జాజు ఒక ముక్క ఇస్తావా?" అంది. ఎందుకని నాయిన అడగలేదు. ఎర్రమన్ను గడ్డ ఒకటి విరిచి ఇచ్చాడు. ఆమె కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఇంత శోకంలో ఈమెకు మన్ను కావాల్సి వచ్చిందా అని నేను తిట్టుకున్నాను.

ఆ తర్వాత నాకు బీఈడీ, పెళ్లి. అత్తగారిది నిడమనూరు. మా ఆయన మిర్యాలగూడ రైసుమిల్లులో ఆపరేటర్. మొదట పాప పుట్టింది. పాపకు ఎనిమిది నెలలప్పుడు నాకూ మళ్లీ నిలిచింది. ఇక్కడి దవాఖానాలో డాక్టరమ్మకు చూపించుకుని గోళీలు వేసుకున్నాను. చదువుకున్నదాన్నే. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే. కానీ ఆ వారమంతా నేను మళ్లీ ఆ ఆటోలోనే ఉన్నాను. ఇంకోపక్క మా అత్త ఒకటే పోరు. "గోలీలు మింగితే గర్బసంచి ఎండిపోతది. ఇగ నా కొడుక్కు ఈ ఒక్క పిల్లనేనా" అని పొయ్యి దగ్గర కూర్చుని అనేది. ఇంక పిల్లలు కలగరేమోనని ఒక భయం, రేపే మళ్లీ నిలుస్తుందేమోనని ఇంకో భయం. రెండింటి మధ్యా నాకు అన్నం దిగేది కాదు.

అయిదో రోజు పొద్దున తలుపు తీస్తే గడప మీద నర్సమ్మ కూర్చుని ఉంది. మా అమ్మ ఫోన్‌లో చెప్పిందట. తుంగతుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అత్తను చూసి, "పెద్దమ్మా, కుండలో నీళ్లున్నాయా?" అంది. అత్త లోపలికి వెళ్లింది.

"ఇవాళ నుంచే వేసుకోవాలమ్మాయ్" అని సంచిలోంచి నెల గోళీల పట్టీ తీసింది. "నెల వచ్చేదాకా ఆగకు. గోళీలతో పోయాక ఎనిమిది పది రోజులకే మళ్లీ నిలవొచ్చు. నెల రాకముందే. అసలైతే రెండో విడత గోళీలు వేసుకున్న రోజే మొదలుపెట్టొచ్చు. ఇది కుదరకపోతే మూడు నెలల సూది ఉంది. కాపర్-టి కావాలంటే లోపల అంతా పోయిందని డాక్టరమ్మ చూసి చెప్పాక వేయించుకో."

నేను ఆమె మొహమే చూస్తున్నాను. "మరి మా అక్కకు నెల రానియ్యమని ఎందుకన్నరు?" అని అడిగాను. అది అన్నది ఆమేనని నాకు కచ్చితంగా తెలియదు. అక్క తప్పుగా విన్నదేమోనని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉన్నాను.

ఆమె తప్పుకోలేదు. "నేనే చెప్పాను. ఆ రోజు అరవై మంది పిల్లలు. మామూలుగా అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పేశాను, నెల వచ్చిన అయిదో రోజని. గోళీలతో తీయించుకుందన్న సంగతి చెవిలో చెప్పినా తలకెక్కించుకోలేదు. నాకు తెలియక కాదు. తెలిసీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించలేదు."

నాకు చెయ్యి లేచింది. కొట్టలేదు గానీ, లేచిన మాట నిజం. "లేసి పోండి మా ఇంట్లకెల్లి" అన్నాను.

"పోతాను. ముందు ఇది నా ఎదురుగా వేసుకో. తర్వాత తిట్టుకో, ఎంతసేపైనా వింటాను" అంది. అత్త తెచ్చిన చెంబు అందుకుని, ఆ నీళ్లు నాకే ఇచ్చింది. నేను మింగాను. ఆమె మీద నమ్మకంతో కాదు, అక్కకు జరిగిందే నాకూ జరుగుతుందన్న భయంతో. మింగానో లేదోనని నా నోట్లోకి చూసి మరీ లేచింది. వెళ్తూ మా అత్తతో, "సంచి ఎండిపోదు పెద్దమ్మా. సక్రమంగా అయిన దానికి ఏ లోటూ ఉండదు. ఈ పిల్లకు ఎప్పుడు కావాలంటే అప్పుడు బిడ్డ పుడుతుంది. తొందరపెట్టకు" అని గట్టిగానే చెప్పింది.

నాలుగేళ్లకు మేమిద్దరం అనుకున్నాం, నేను గోళీలు ఆపాను. మూడో నెలకే నిలిచింది, బాబు పుట్టాడు. దవాఖానాకు నర్సమ్మ ఒక మెత్తటి పాత చీర మడిచి తెచ్చింది. బాబును చూసి మా అత్తను చూసి, "ఎండిపోలేదుగా!" అంది. మా అత్త కూడా నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె నా బిడ్డను ఎత్తుకుంది, ముద్దు పెట్టుకుంది, అయినా నేను ఆ ఒక్క మాట అనలేదు. మిమ్మల్ని క్షమించానని. అనాలనిపించని రోజు లేదు. అక్క మొహం అడ్డం వచ్చేది. ఏం చేయను, నేను అట్లాంటిదాన్నే.

రిటైరై కోదాడ వెళ్లిపోయాక కూడా ఆమె పని ఆగలేదు. ఆమె ఫోన్ నంబరు ఊళ్లు దాటి పోయింది. అమ్మాయిలు ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవాళ్లు. ఆమె పది నిమిషాలాగి తిరిగి చేసేది. మగగొంతు వినిపిస్తే "రాంగ్ నంబర్" అని పెట్టేసేది. ఒకసారి మా ఇంట్లో ఉండగా అట్లా పెట్టేస్తే, మళ్లీ ఎందుకు చెయ్యరని అడిగాను. "రెండోసారి చేస్తే ఆ పిల్లను ఎవరు ఫోనని అడుగుతారమ్మాయ్. అదే చేస్తుంది. ఆగాలి" అంది.

ఆమె పోయిన నాలుగో రోజు, శుక్రవారం, కోదాడ వెళ్లాను. కొడుకూ కోడలూ ఉన్నారు. కోడలు నన్ను ఆమె గదిలో కూర్చోబెట్టింది. మంచం, స్టీలు బీరువా, గోడకు పెద్ద అంకెల క్యాలెండర్. కిటికీలో ఒక పాత కుంకుమ భరిణె. మూత తీస్తే లోపల ఎర్రమన్ను. మా నాయిన ఇచ్చిందే. అరిగి అరిగి రేగుపండంత మిగిలింది.

"అత్తయ్య దాన్ని తడి వేలితో తీసి క్యాలెండర్ మీద బొట్టు పెట్టేవారండీ. ఎవరిదని అడిగితే చెప్పేవారు కాదు. పేర్లు రాస్తే ఎవరైనా చూస్తారనేవారు" అంది కోడలు.

నేను లేచి దగ్గరికి వెళ్లి చూశాను. జనవరి నుంచి ప్రతి నెలలోనూ చుక్కలు. ఒక నెల రెండు, ఒక నెల అయిదు. వేలిముద్ర గీతలు కనిపిస్తున్నాయి. ఎవరో ఒక అమ్మాయి గోళీలు వేసుకున్న అయిదో రోజన్నమాట ప్రతి చుక్కా. నాకోసం రెండు బస్సులు మారి వచ్చింది కూడా ఇట్లాంటి చుక్క చూసుకునే అయి ఉంటుంది. చివరి చుక్క ఆమె పోయిన రోజు మీద లేదు. నేను వెళ్లిన రోజుకు మర్నాటి మీద ఉంది. శనివారం మీద.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కోడలు భయపడిపోయింది. నేను కళ్లు తుడుచుకుని, ఆమె ఫోన్, ఆ భరిణె కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుంటానని అడిగాను. ఆ కుటుంబం ఎందుకని అడక్కుండా ఇచ్చింది. ఫోన్‌లో పేర్లు లేవు, ఉత్త నంబర్లు. ఎవరికి చేయను? చేసి ఏమని అడగను?

శనివారం బడికి ఆ ఫోను తీసుకుపోయాను. పదకొండు దాటాక ఒక్క రింగు వచ్చి ఆగింది. పిల్లలకు ఏదో రాయమని చెప్పి వరండాలోకి వచ్చాను. ఆమె లాగే పది నిమిషాలు ఆగాను. తిరిగి చేశాను. అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు, దగ్గరలోనే చంటిబిడ్డ ఏడుపు.

"ఎవలు?" అంది మగగొంతు.

వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రాంగ్ నంబర్" అన్నాను.

ఆమె పద్ధతి ప్రకారం మళ్లీ చేయలేదు. చేసి ఉండాల్సిందా? నాకు తెలియదు. నర్సమ్మకు ఇట్లాంటివి ఎన్ని జరిగాయో, ఎన్ని రోజులు ఇట్లా కూర్చుందో ఇప్పుడు తెలుస్తోంది. అనాల్సిన మాట ఇప్పుడు అనగలను, వినేవాళ్లు లేరు. అయినా అంటున్నాను. నర్సమ్మా, మీ మీద నాకు కోపం లేదు.

చదివేవాళ్లకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా గోళీలతో తీయించుకుని ఉంటే, నెల వచ్చేదాకా ఆగొద్దని చెప్పండి. ఇవాళే దవాఖానాకు పొమ్మని చెప్పండి. మొన్ననే పోయామన్న సిగ్గు వద్దని చెప్పండి. ఆ శనివారం గిన్నెలు తోముతూ ఆగిపోయిన అమ్మాయి ఇది చదవదు, నాకు తెలుసు. ఆమెకు చదివి వినిపించేవాళ్లు మీలో ఎవరైనా ఉండొచ్చని రాస్తున్నాను.

శనివారం పోయి మూడు వారాలైంది. ఆ ఫోను బడిలో నా బల్ల మీద, అటెండెన్స్ రిజిస్టరు పక్కన ఉంటుంది. ఇంటికొస్తే వంటింటి కిటికీలో, భరిణె పక్కన పెట్టి ఛార్జింగు పెడతాను. అన్నం వార్చేటప్పుడు కూడా ఒక చెవి అటే ఉంటుంది. ఇంకా మోగలేదు.